ముసలి పనస మానులో ఏముంది?

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడితో పాటు పనస చెట్లూ కూలిపోయాయి. పనసను మనం పండు కోసం, కూర కోసం పెంచుతాం. చెట్టు పడిపోతే ఇక వంటచెరుకే అనుకుంటాం. ముదిరిన పనస మానును ముక్కలు కొట్టి పొయ్యిలో పెట్టడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. అందులో తరాలపాటు నిలిచే కలప ఉంది.

దుంగను అడ్డంగా కోస్తే బయట పాలిపోయిన తెల్లభాగం, లోపల పసుపుపచ్చని చేవ కనిపిస్తాయి. చెట్టుకు నీళ్లు మోసేది తెల్లభాగం. అందులో పిండిపదార్థం ఉంటుంది కాబట్టి పురుగు ముందు దాన్నే పడుతుంది. వయసు పెరిగేకొద్దీ లోపలి కణాలు చనిపోతాయి. పోయే ముందు తమ దగ్గరున్న నిల్వలతో కొత్త రసాయనాలు తయారుచేసి కర్రలో నింపుతాయి. చేవ చెదలనూ బూజునూ తట్టుకునేది వీటి బలంతోనే. లేత చెట్టు కర్రతో గుమ్మం చేయించి, అది పుచ్చిపోయాక పనసను తిట్టడం న్యాయం కాదు.

ఆ రసాయనాల్లో మోరిన్ ఒకటి. చేవకు పసుపు రంగు ఇచ్చే వాటిలో ఇది ముఖ్యమైనది. బర్మా, థాయ్‌లాండ్‌లలో బౌద్ధ భిక్షువుల వస్త్రాలకు పనస చేవను ఉడికించి రంగు అద్దేవారు. పటిక తోడైతే ఆ రంగు గుడ్డను అంత తేలిగ్గా వదలదు, ఎందుకంటే పటికలోని అల్యూమినియం మోరిన్‌ను గట్టిగా పట్టుకుంటుంది. ప్రయోగశాలలో అల్యూమినియం జాడ పసిగట్టడానికీ ఈ గుణమే పనికొస్తుంది. పసుపుగా ఉన్న కొత్త తలుపు వెలుతురు తగిలి ఏళ్లు గడిచేసరికి గోధుమరంగుకు తిరుగుతుంది.

బొబ్బిలి వీణకూ పనసే కావాలి. పక్కనున్న గొల్లపల్లిలో చేసే ఏకాండి వీణలో కుండ (గుండ్రని భాగం), దండి (పొడవాటి మెడ), కొసన ఉండే యాళి (సింహంలాంటి పురాణ జంతువు) ముఖం అన్నీ ఒకే దుంగలోంచి వస్తాయి. కర్రలో శబ్దం నార వెంబడి సెకనుకు సుమారు 4 కిలోమీటర్లు పోతుంది. నారకు అడ్డంగా అయితే ఆ వేగం మూడో వంతుకో నాలుగో వంతుకో పడిపోతుంది. అతుకు లేని దుంగలో నార కుండ నుంచి దండి దాకా తెగకుండా సాగుతుంది కాబట్టి తీగ కదలికకు దారి సాఫీగా దొరుకుతుంది. మృదంగం కట్టెకు కూడా పనసనే కోరుకుంటారు.

పని చేసేటప్పుడు మాత్రం ఓపిక కావాలి. నార ఒక పొరలో ఒకవైపు, పక్క పొరలో మరోవైపు మెలితిరిగి ఉంటుంది. చిత్రిక పడితే పేళ్లు లేస్తాయి. కత్తి బాగా పదునుపెట్టి, పలచగా తీయాలి.

మాను కూలితే తొక్కతో నేల మీద వదిలేయకండి. కొసల నుంచి తేమ వేగంగా పోతుంది, పగుళ్లు అక్కడే మొదలవుతాయి. వెంటనే కొసలకు పెయింటో మైనమో పూసి, పలకలుగా కోయించి, మధ్యన సన్న బద్దలు పెట్టి నీడలో పేర్చండి. తలుపు చేయించాలంటే ఆ పలకలు నెలల తరబడి ఆరాలి.