సరిహద్దు దాటని ఆరోగ్య కార్డు

పర్లాకిమిడి దాటగానే పాతపట్నం. మొదటిది ఒడిశా, రెండోది ఆంధ్ర. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది. చుట్టరికాలు మాత్రం తెగలేదు. ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల తెలుగు కుటుంబాల్లో చాలామంది జబ్బు ముదిరితే నేటికీ శ్రీకాకుళమో, విశాఖలోని పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కో బయల్దేరతారు. అక్కడ సాయం ఉండటానికి మనవాళ్లుంటారు, డాక్టరుకి బాధ తెలుగులో చెప్పుకోవచ్చు.

చిక్కు బిల్లు దగ్గర వచ్చింది. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. తెల్ల రేషన్ కార్డున్న కుటుంబానికి గుండె ఆపరేషన్ కూడా ఉచితంగా జరిగేది. పాతపట్నంలో ఉన్న అక్కకి ఆ భరోసా దొరికింది. పర్లాకిమిడిలో కాపురముంటున్న చెల్లెలు అదే ఆసుపత్రికి వెళ్తే అప్పు చేసి కట్టాల్సిందే.

2008లో కేంద్రం తెచ్చిన రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజన చిన్నదే. 30 రూపాయలు కట్టి చేరితే, కుటుంబంలో ఐదుగురికి కలిపి ఏడాదికి 30 వేలు. అయితే ఆ స్మార్ట్ కార్డు పథకంలో చేరిన ఏ రాష్ట్రపు ఆసుపత్రిలోనైనా చెల్లేది. దాన్ని తక్కువ మొత్తమని తీసిపారేశారు గానీ, సరిహద్దు జనానికి కావలసింది సరిగ్గా అలా రాష్ట్రం దాటినా చెల్లే కార్డే.

2018 ఆగస్టు 15న ఒడిశా తన సొంత ఆరోగ్య పథకం బిజు స్వాస్థ్య కల్యాణ్ యోజన మొదలుపెట్టింది. ఆ సెప్టెంబరులో కేంద్రం ఆరోగ్య బీమా పథకం ఆయుష్మాన్ భారత్ వచ్చినా, ఒడిశా అందులో చేరలేదు. 2021లో మల్కన్‌గిరి నుంచి బిజు పథకం స్మార్ట్ కార్డుల పంపిణీ మొదలైంది. ఏడాదికి కుటుంబానికి 5 లక్షలు, ఆడవాళ్లకి 10 లక్షలు. మంచి పథకమే, కానీ రాష్ట్రం బయట ఎంపిక చేసిన ఆసుపత్రుల్లోనే పనిచేసేది. చివరికి 2025 జనవరిలో ఒప్పందం కుదిరి, ఏప్రిల్‌లో ఆయుష్మాన్ ఒడిశాలోకి వచ్చింది. దేశమంతా చెల్లే కార్డు కోసం ఆరున్నరేళ్లు పట్టింది. ఆ జాప్యానికి మూల్యం కట్టింది పేదవాళ్లే.

కార్డు వచ్చింది కదా అని టెన్షన్ తీరిపోలేదు. ఆయుష్మాన్ ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవాళ్లకి. నెలనెలా కొనే బీపీ, షుగరు మాత్రలకి అది రాదు. ఆధార్‌లో ఒకలా, రేషన్ కార్డులో ఇంకోలా పేరుంటే నమోదు ఆగుతుంది. ఒడియా, తెలుగు రెండూ వచ్చిన మనిషిని రేషన్ డిపో దగ్గర కూర్చోబెట్టి ఈ తప్పులు అక్కడికక్కడే దిద్దించాలి. అటు శ్రీకాకుళం, విశాఖ ఆసుపత్రుల్లో ఒడిశా కార్డు చూసి వెనక్కి పంపకుండా చూసే బాధ్యత ఒకరికి అప్పగించాలి.

పేదల పథకాలూ అందక, ఉద్యోగ బీమా కూడా లేక మధ్యలో మిగిలిపోయినవాళ్లు దేశంలో దాదాపు 40 కోట్లని 2021లో నీతి ఆయోగ్ లెక్కగట్టింది. రాయగడ బజారులో చిన్న కొట్టు నడుపుకునేవాళ్లలో ఎందరో ఈ కోవలోకే వస్తారు. ఉచితంగా ఇవ్వకపోయినా, వాయిదాల్లో డబ్బు కట్టించుకుని వీళ్లని ఇదే కార్డులో చేర్చుకోవచ్చు.