అమెరికాలో ఉండి ఇండియా నుంచి దత్తత: అపోహలు – వాస్తవాలు

ఇండియా, అమెరికా రెండూ దేశాంతర దత్తతపై 1993 నాటి హేగ్ ఒడంబడికలో ఉన్నాయి. ఇండియాలో అది 2003 నుంచి, అమెరికాలో 2008 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని సారం ఒక్కటే: బిడ్డను అప్పగించక ముందే రెండు ప్రభుత్వాలూ ఒకదానికొకటి సరేనని రాసుకోవాలి. మన కుటుంబాల ఫైళ్లు చిక్కుకునేది ఎక్కువగా ఈ ‘ముందే’ దగ్గరే. అర్హతలన్నీ ఉండి, కాగితాలన్నీ ఉండి, వరుస తప్పినందుకు బిడ్డ ఇండియాలోనూ తల్లిదండ్రులు డల్లాస్‌లోనూ ఉండిపోయే పరిస్థితి వస్తుంది.

అపోహ: ముందు ఊళ్లో దత్తత పత్రం రిజిస్టర్ చేయించుకుందాం, వీసా సంగతి తర్వాత చూసుకోవచ్చు.

అన్నింటిలోకీ ఎక్కువ నష్టం చేసేది ఇదే. హిందూ దత్తత, మనోవర్తి చట్టం (1956) కింద పదిహేనేళ్లలోపు బిడ్డను ఇచ్చిపుచ్చుకునే తంతు జరిపి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పత్రం రాయించుకుంటే ఇండియాలో ఆ దత్తత చెల్లుతుంది. అమెరికా ఇమిగ్రేషన్ దగ్గర మాత్రం అదే అడ్డుపడుతుంది. ఐ-800 (ఫలానా బిడ్డను అమెరికా తీసుకెళ్లడానికి వేసే) పిటిషన్‌కు తాత్కాలిక ఆమోదం రాకముందే దత్తత గానీ, అప్పగింత గానీ పూర్తయితే పిటిషన్ తిరస్కరించాలని అక్కడి నిబంధన. ఆ దత్తతను రద్దు చేయించి, ఆమోదం వచ్చాక మళ్లీ చేసుకునే వీలు వాళ్ల నిబంధనల్లో ఉంది. కానీ మన 1956 చట్టం 15వ సెక్షన్ ప్రకారం సక్రమంగా జరిగిన దత్తతను ఎవరూ రద్దు చేసుకోలేరు. ఒక దేశం రద్దు చేసి రమ్మంటుంది, ఇంకో దేశం రద్దు కుదరదంటుంది. పత్రం పట్టుకుని లాయర్ దగ్గరికి వెళ్లేసరికి చేయడానికి పెద్దగా మిగలదు.

సరైన వరుస ఇది. ముందుగా కారా (కేంద్ర దత్తత వనరుల సంస్థ) గుర్తింపు, అమెరికాలో హేగ్ అక్రెడిటేషన్ రెండూ ఉన్న ఏజెన్సీని పట్టుకోవాలి. ఆ ఏజెన్సీ ద్వారా హోమ్ స్టడీ (మీ ఇల్లు, కుటుంబ పరిస్థితిపై సోషల్ వర్కర్ రాసే నివేదిక), కనీసం పది గంటల తల్లిదండ్రుల శిక్షణ పూర్తిచేయాలి. దాని ఆధారంగా ఐ-800ఏ వేస్తారు. మీరు దత్తతకు తగినవారని తేల్చేది ఇదే. అది వచ్చాక ఫైలు కారా పోర్టల్ కేరింగ్స్‌లోకి ఎక్కుతుంది. బిడ్డ వివరాలు చూపిస్తారు. మీరు ఒప్పుకున్నాక ఆ బిడ్డ పేరుమీద ఐ-800, తాత్కాలిక ఆమోదం, వీసా దరఖాస్తు, ఆ తర్వాత అమెరికా ఎంబసీ నుంచి ఆర్టికల్ 5 లేఖ (ఈ దత్తతకు అమెరికా ఒప్పుకుందన్న లేఖ). అది చూశాకే కారా ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఇస్తుంది. ఎన్ఓసీ మీద దత్తత ఉత్తర్వు, ఉత్తర్వు మీద కొత్త బర్త్ సర్టిఫికెట్, పాస్‌పోర్టు, దత్తత హేగ్ ప్రకారమే జరిగిందని కారా ఇచ్చే ఆర్టికల్ 23 ధ్రువపత్రం. చివర్న వీసా. ఇందులో ఏ మెట్టునూ పైకీ కిందకీ జరపకూడదు.

అపోహ: దత్తత ఉత్తర్వు కోర్టు ఇస్తుంది.

2022 సెప్టెంబరు 1 నుంచి జిల్లా మేజిస్ట్రేట్, అంటే మన దగ్గర కలెక్టర్, ఇస్తున్నారు. పాత బ్లాగులు చదివి ఫ్యామిలీ కోర్టు లాయర్‌కు అడ్వాన్స్ ఇచ్చేయకండి.

అపోహ: చుట్టాల పిల్లైతే సులువు.

రెండు చిక్కులున్నాయి. మొదటిది ఇండియా వైపు. జువెనైల్ జస్టిస్ చట్టంలో బంధువు అంటే బిడ్డకు తల్లి లేదా తండ్రి తోబుట్టువులు, తాతలు, అమ్మమ్మ, నాయనమ్మ. అంతే. అన్న కూతుర్ని తీసుకోవచ్చు. పెదనాన్న కొడుకు కూతురైతే బంధువుల దత్తత కిందకు రాదు. వేలువిడిచిన మేనమామకూ ఇదే వర్తిస్తుంది. ఇంట్లో అందరూ ఒకే కంచంలో తిన్నా చట్టానికి పట్టదు.

రెండోది అమెరికా వైపు, ఇది ఇంకా గట్టిది. కన్న తల్లిదండ్రులిద్దరూ బతికి ఉండి బిడ్డను వదులుకుంటుంటే, వాళ్లకు ఆ బిడ్డను సరిగా పెంచే స్థోమత లేదని చూపించాలి. తమ్ముడికి విజయవాడలో సొంతిల్లు, ఇద్దరికీ ఉద్యోగాలు. మీకు పిల్లల్లేరని రెండో బిడ్డను ఇస్తానంటాడు. మన ఇళ్లలో ఇది గొప్ప మనసు. ఇమిగ్రేషన్ అధికారి కళ్లకు మాత్రం అర్హత లేని కేసు. ఒక్క తల్లో తండ్రో మాత్రమే మిగిలిన బిడ్డ విషయంలో లెక్కలు వేరు, దారి కాస్త తెరుచుకుంటుంది.

వయసూ చూసుకోవాలి. బిడ్డకు 16 ఏళ్లు నిండకముందే ఐ-800 పడాలి. అదే కుటుంబం ఇదివరకే దత్తత తీసుకున్న బిడ్డ తోబుట్టువైతే 18 దాకా అవకాశం ఉంది. బంధువుల దత్తతలోనూ హోమ్ స్టడీ తప్పదు. ఇండియాలో జిల్లా బాలల పరిరక్షణ విభాగం వాళ్లు కన్నవారి ఇంటికొచ్చి కుటుంబ నేపథ్య నివేదిక రాస్తారు. ఐదేళ్లు దాటిన బిడ్డ సమ్మతి కూడా కావాలి. ఆ రోజు బిడ్డకు ఏం జరుగుతోందో తెలియకపోతే నివేదికలో అదే పడుతుంది.

అపోహ: అమ్మానాన్నల ఇంటి అడ్రస్‌తో ఇండియాలో ఉన్నట్టు రిజిస్టర్ అయితే త్వరగా అయిపోతుంది.

దొరికిపోతారా లేదా అన్నది తర్వాతి మాట. దొరక్కపోయినా పని కాదు. స్థానికులుగా దత్తత తీసుకుంటే ఆర్టికల్ 5 లేఖ ఉండదు, ఐ-800 ఉండదు. ఉత్తర్వు చేతికొస్తుంది గానీ బిడ్డ విమానం ఎక్కలేదు. పైగా మొదటి అపోహలో చెప్పిన తిరస్కరణ గోతిలోనే పడతారు. అసలు అబద్ధమాడాల్సిన పని కూడా లేదు. ఇండియా పాస్‌పోర్టున్న ప్రవాసులను ప్రాధాన్యంలో ఇక్కడివాళ్లతో సమానంగానే చూస్తారు.

అపోహ: గ్రీన్‌కార్డు ఉంటే చాలు, హెచ్-1బీ అయినా సర్దుకోవచ్చు.

ఐ-800ఏ వేయాలంటే అమెరికా పౌరుడై ఉండాలి. దంపతుల్లో ఒకరు పౌరులైతే సరిపోతుంది, రెండోవారు అక్కడ ఉంటే చట్టబద్ధమైన స్టేటస్‌తో ఉండాలి. ఒంటరివారైతే ఐ-800ఏ నాటికి 24, ఐ-800 నాటికి 25 ఏళ్లు నిండాలి. ఇక్కడొక విడ్డూరం ఉంది. ఇండియా పాస్‌పోర్టు ఉంటే కారా వరుసలో ముందుంటారు, అమెరికా పాస్‌పోర్టు లేకపోతే అటువైపు తలుపే తెరుచుకోదు. భార్యాభర్తల్లో ఒకరిది అమెరికా పాస్‌పోర్టు, ఇంకొకరిది మనదే అయిన జంటకు రెండు వైపులా కాస్త వెసులుబాటు.

ఇద్దరూ గ్రీన్‌కార్డు మీదే ఉంటే దత్తత తర్వాత రెండేళ్ల చట్టబద్ధ సంరక్షణ, రెండేళ్లు బిడ్డతో కలిసి నివాసం పూర్తయ్యాకే పిటిషన్ దారి. అంత కాలం అమెరికా బయట ఉంటే గ్రీన్‌కార్డుకే ముప్పు. పౌరసత్వానికి ఏడాదో రెండేళ్లో మిగిలి ఉంటే ఆగడమే మేలని మా అభిప్రాయం.

అపోహ: తెలిసిన నర్సింగ్‌హోమ్‌లో చెబితే అప్పుడే పుట్టిన బిడ్డను ఇప్పిస్తారు.

హైదరాబాద్ ఈ మాట వల్ల తలదించుకుంది. 1999లో, మళ్లీ 2001లో, లంబాడా తండాల నుంచి ఆడపిల్లలను కొని విదేశీ దత్తతకు పంపిన వ్యవహారాలు బయటపడ్డాయి. ఈ రోజు చట్టం ఇలా ఉంది: బిడ్డను అమ్మినా కొన్నా ఐదేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల జరిమానా. ఆస్పత్రివాళ్ల ప్రమేయం ఉంటే శిక్ష మూడేళ్లకు తగ్గదు, ఏడేళ్ల దాకా పోవచ్చు. చట్టబద్ధంగా అయితే బాలల సంక్షేమ కమిటీ ఆ బిడ్డ దత్తతకు స్వేచ్ఛగా ఉందని ప్రకటించాలి. కన్నవారు స్వయంగా అప్పగించినా, మనసు మార్చుకోవడానికి వాళ్లకు 60 రోజుల గడువుంటుంది. కాబట్టి ‘వారంలో బిడ్డ’ అని ఎవరన్నా అంటే అది నేరమే.

అపోహ: డబ్బుంది, ఇల్లుంది, ఏడాదిలోపు పాపాయినే ఇస్తారు.

వయసు లెక్క ముందు చూసుకోండి. రెండేళ్లలోపు బిడ్డకు దంపతుల వయసులు కలిపి 85 దాటకూడదు. రెండు నుంచి నాలుగేళ్ల బిడ్డకు 90, నాలుగు నుంచి ఎనిమిదికి 100, ఆపైన 110. ఆయనకు 46, ఆమెకు 42 అయితే మొత్తం 88, అంటే రెండేళ్లు దాటిన బిడ్డే. ఒంటరివారికి ఇవే గీతలు 40, 45, 50, 55. ఒంటరి మగవారికి ఆడపిల్లను ఇవ్వరు. దంపతుల పెళ్లి రెండేళ్లు నిలిచి ఉండాలి. ఇప్పటికే ఇద్దరు పిల్లలుంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకో, కుటుంబం దొరకడం కష్టమైన పిల్లలకో మాత్రమే అవకాశం.

ఓసీఐ (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతి) దంపతులకు ఇంకో సంగతి. చట్టం ప్రకారం, దత్తతకు స్వేచ్ఛ ప్రకటించిన 60 రోజుల్లోగా దేశంలోనివారికో ఎన్నారైకో కుదరని బిడ్డే దేశాంతర దత్తతకు వస్తుంది. ఆ వరుసలో వైకల్యమున్నవారికి, తోబుట్టువులకు, ఐదేళ్లు దాటినవారికి ప్రాధాన్యం ఇవ్వవచ్చు. అంటే ఓసీఐ ఫైలుకు ఆరోగ్యంగా ఉన్న ఆరు నెలల పాప రావడం అరుదు. ఆశ పెట్టుకుని ఏళ్లు గడిపేకన్నా ఏ వయసు, ఏ అవసరం మీకు మోయదగ్గదో ఇంట్లో ముందే మాట్లాడుకుంటే హోమ్ స్టడీలో అది రాయించవచ్చు. హోమ్ స్టడీలో లేని వయసుకు, అవసరానికి తర్వాత ఒప్పుకుంటే దాన్ని సవరించి ఐ-800ఏ కూడా మార్పించాలి. అక్కడ నెలలు పోతాయి.

అపోహ: మెడికల్ రిపోర్టులో ‘నార్మల్’ అని ఉంటే చాలు, ఏదో పాజిటివ్ అని ఉంటే వదిలేయాలి.

వివరాలు చూపించాక బిడ్డను రిజర్వ్ చేసుకోవడానికి 96 గంటలు, నివేదికల మీద సంతకం పెట్టడానికి 30 రోజులు. ఈలోపే పిల్లల డాక్టర్‌కు చూపించాలి. అమెరికాలో కొన్ని యూనివర్సిటీ పిల్లల ఆస్పత్రుల్లో దత్తత ఫైళ్లు చదివే క్లినిక్‌లే ఉన్నాయి. రిఫరల్ రాకముందే వాళ్లతో మాట్లాడి పెట్టుకోండి, వారాంతంలో ఫైలొస్తే వెతుక్కుంటూ కూర్చోకూడదు.

‘నార్మల్’ అన్న పదం కన్నా అంకెలు చూడండి. ఒక్కసారి తీసిన బరువు ఏమీ చెప్పదు. శిశుగృహలో నెలనెలా తూచిన రికార్డు అడగండి. తల చుట్టుకొలత కూడా అడగండి, చాలా ఫైళ్లలో ఒకసారే ఉంటుంది. బరువు తక్కువున్నా నెలనెలా గీత పైకి వెళ్తుంటే తిండితో కోలుకునే బిడ్డ కావచ్చు. తల చుట్టుకొలత ఎదుగుదల ఆగిపోతే ఆలోచించాల్సిందే. వదిలేసిన బిడ్డకు పుట్టినతేదీ అంచనాయే గనుక, రెండు మూడు నెలల తేడా గ్రోత్ చార్ట్‌ను తారుమారు చేస్తుంది. ఇక హెచ్ఐవీ: ఏడాదిన్నరలోపు బిడ్డలో యాంటీబాడీ పరీక్ష పాజిటివ్ వచ్చినంత మాత్రాన బిడ్డకు వైరస్ ఉన్నట్టు కాదు, తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు కావచ్చు. వైరస్‌నే నేరుగా వెతికే పీసీఆర్ పరీక్ష చేయించారా అని అడగాలి. ఆ ఒక్క మాట అడక్క మంచి ఫైలును తిప్పి పంపేవాళ్లుంటారు.

అపోహ: ఇండియా వైపు ఎవరికెంత ఇవ్వాలో చెప్పలేం.

చెప్పొచ్చు. దేశాంతర దత్తతలో ఇండియాలోని దత్తత ఏజెన్సీకి 5,000 డాలర్లు, రసీదుతో. అమెరికా ఏజెన్సీ ఫీజు, ప్రయాణాలు వేరే, అవే పెద్ద భాగం. విరాళం పేరుతోనో ఫైలు కదలాలంటూనో వేరే అడిగితే ఇవ్వకండి, కారాకు రాయండి.

అపోహ: బిడ్డ ఇల్లు చేరితే పని అయిపోయినట్టే.

రెండేళ్లపాటు ఏజెన్సీ సోషల్ వర్కర్ వస్తారు. మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఆరు నెలలకోసారి, మొత్తం ఆరు నివేదికలు కారాకు వెళ్తాయి. ఇల్లు మారితే ఏజెన్సీకి చెప్పండి, రాష్ట్రం మారితే తప్పకుండా చెప్పండి.

పౌరసత్వం వీసా రకాన్ని బట్టి ఉంటుంది. దత్తత ఇండియాలోనే పూర్తయి ఐహెచ్-3 వీసా మీద వస్తే, పౌరుడైన తల్లిదండ్రుల దగ్గర నివసించడానికి 18 ఏళ్లలోపు దిగిన రోజే బిడ్డ అమెరికా పౌరుడవుతుంది, సర్టిఫికెట్ పోస్టులో వస్తుంది. ఐహెచ్-4 మీద వస్తే ముందు గ్రీన్‌కార్డు, అక్కడి కోర్టులో దత్తత పూర్తయ్యాకే పౌరసత్వం, సర్టిఫికెట్ కోసం ఎన్-600 దరఖాస్తు మీరే వేసుకోవాలి. కవర్ రాగానే పేరు స్పెల్లింగ్, పుట్టినతేదీ దత్తత ఉత్తర్వుతో పోల్చుకోండి. సోషల్ సెక్యూరిటీ ఆఫీసులోనూ పౌరసత్వం నమోదు చేయించండి, అది దానంతటదే మారదు.