ముర్జేర్ బొహీమియా: అపోహలు - వాస్తవాలు

ఇటలీ స్వరకర్త పుచ్చీని ఒపెరా (పాటల నాటకం) ‘లా బొహెమ్’ను ఇప్పటికీ ఆడుతూనే ఉన్నారు. దానికి మూలం ఫ్రెంచి రచయిత హెన్రీ ముర్జేర్ (1822-1861) పుస్తకం ‘సీన్ ద లా వీ ద బొహెమ్’ (బొహీమియా జీవిత దృశ్యాలు). పారిస్‌లో చేతిలో డబ్బు లేని నలుగురు యువ కళాకారులు, వాళ్ల ప్రేమల కథలివి; వాళ్ల ఆ బతుకునే ఆయన బొహీమియా అన్నాడు. ఆ పుస్తకాన్ని తెరిచేవాళ్లే తగ్గిపోయారు. అందుకే పుస్తకం మీద తిరిగే మాటల్లో సగం ఒపెరా చూసి అన్నవి.

అపోహ: ఒపెరా కథే పుస్తకంలోనూ ఉంటుంది.

వాస్తవం: ముర్జేర్ దీన్ని నవలగా మొదలుపెట్టలేదు. 1845 నుంచి 1849 దాకా పారిస్‌లోని ఒక చిన్న పత్రికలో విడి కథలుగా వచ్చింది. 1849 నవంబరులో నాటకకర్త బారియేర్‌తో కలిసి రాసిన నాటకం బాగా ఆడాక, 1851లో పుస్తకమైంది. మొత్తం 23 అధ్యాయాలు. ఒకే కథ అనుకుని చదివితే నాలుగో అధ్యాయానికే దారి తప్పుతారు.

ఒపెరాలో నాయిక మిమీ, కవి రొడోల్ఫో కలిసేది ఆరిన కొవ్వొత్తి, చీకట్లో తాళంచెవి కోసం వెతుకులాటతో. పుస్తకంలో అవి మిమీవి కావు. 18వ అధ్యాయంలో ఫ్రాన్సీన్, శిల్పి జాక్‌లవి. అక్కడ తాళంచెవి దొరక్కుండా చేసేది అమ్మాయే, ఒపెరాలో రొడోల్ఫో. ఇక పుస్తకంలో మిమీ పోయేది ఒపెరాలోలా మిత్రుల మధ్య కాదు, ఆసుపత్రిలో ఒంటరిగా. ఆమెను వేరే మంచానికి మార్చడంతో, చనిపోయిందని రొడోల్ఫ్‌కు (ఒపెరాలో రొడోల్ఫో) తప్పుడు కబురు అందుతుంది. బతికే ఉందని తెలిసి పరుగెత్తేసరికి ఆ ఉదయమే ప్రాణం పోయి ఉంటుంది. 22వ అధ్యాయం ఒక్కటైనా చదవండి. గుండె పిండేస్తుంది.

అపోహ: బొహీమియన్ అంటే దేశదిమ్మరి.

వాస్తవం: అనువాదంలో ఎక్కువగా దొర్లే తప్పు ఇదే. ఫ్రెంచిలో ఆ మాట మొదట జిప్సీలకు వాడినదే. కానీ తాను చెప్పేది ఎలుగుబంట్లను ఆడించేవాళ్ల గురించి కాదని ముర్జేర్ ముందుమాట మొదట్లోనే తేల్చేశాడు. ఆయన మనుషులు పారిస్ దాటి బతకలేరు. తెలుగులో ‘బొహీమియన్’ అనే ఉంచడం మేలు.

అపోహ: ఆయన పేదరికానికి హారతి పట్టాడు.

వాస్తవం: బొహీమియా కళాజీవితానికి శిక్షణ కాలం మాత్రమేనని, అది చేర్చేది అకాడమీకో, ఆసుపత్రికో, శవాగారానికో అని ముందుమాటలోనే రాశాడు. లోకమే తమ దగ్గరికి రావాలని ఆకలితో కూర్చునేవాళ్లను అక్కడే తప్పుపట్టాడు. కథల నిండా డబ్బు లెక్కలే: అద్దె బాకీ, కట్టెలు, ఐదు ఫ్రాంకుల కోసం ఊరంతా తిరగడం. ఏడో అధ్యాయంలో రొడోల్ఫ్‌కు 500 ఫ్రాంకులు చేతికొస్తాయి. అతనూ మార్సెల్ పొదుపు చేద్దామని పద్దు పుస్తకం పెడతారు, నౌకరును కూడా పెట్టుకుంటారు. డబ్బు మంచులా కరిగిపోతుంది. చిత్రకారుడు మార్సెల్ వేసిన ‘ఎర్రసముద్రం దాటడం’ చిత్రాన్ని పారిస్ అధికారిక చిత్రప్రదర్శన ‘సలోన్’ ఎంపిక సంఘం ఏటా తిప్పి పంపుతుంది. పేరు మార్చి, పైపైన దిద్ది మళ్లీ పంపుతాడు. చివరికి ఎవరో దానికి ఆవిరి ఓడ జోడించి, తినుబండారాల దుకాణానికి బోర్డుగా వేలాడదీస్తారు.

ముర్జేర్ కూడా ఈ పుస్తకం హక్కులను 500 ఫ్రాంకులకే అమ్ముకున్నాడు. 38 ఏళ్లకే పోయాడు.

అపోహ: వాళ్లు చివరిదాకా అలాగే బతికారు.

వాస్తవం: చివరి అధ్యాయంలో రొడోల్ఫ్, మార్సెల్, వాళ్ల మిత్రులిద్దరూ స్థిరపడతారు. 12 సూలకే (సూ అంటే ఫ్రెంచి చిల్లర నాణెం) భోజనం పెట్టే పాత భోజనశాలకు పోదామా అంటాడు రొడోల్ఫ్. మార్సెల్ ఒప్పుకోడు. పాత రోజులను తలుచుకోవడానికి అభ్యంతరం లేదు గానీ, మంచి కుర్చీలో కూర్చుని, అసలైన వైన్ ముందు పెట్టుకుంటేనే అంటాడు.