మరియ పైవస్త్రం నీలం ఎందుకు రాలింది?

ఇటలీలోని పాదువాలో స్క్రొవెన్యి ప్రార్థనాలయం గోడ మీద యేసు జనన చిత్రం ఉంది. ఇటలీ చిత్రకారుడు జొత్తో దాన్ని 1303-1305 ప్రాంతంలో వేశాడు. కొయ్య పాక కింద పడుకున్న మరియ ఒక పక్కకు ఒత్తిగిలి, పొత్తిళ్లలోని బిడ్డ మీద చేతులు వేసింది. యోసేపు కింద కూర్చుని కునుకు తీస్తున్నాడు. అతని పసుపు వస్త్రం నేటికీ నిలిచి ఉంది. ఆమె పైవస్త్రం మీది నీలం మాత్రం చాలావరకు రాలిపోయింది. ఫొటోలో చూసినవాళ్లు ఆ భాగాన్ని అసంపూర్తిగా వదిలేశాడనుకుంటారు. కానీ జొత్తో నిండుగానే వేశాడు.

సంగతంతా సున్నంలో ఉంది. ఇలాంటి చిత్రానికి ఒక పాలు సున్నానికి రెండు పాళ్ల ఇసుక కలిపి ముందు గోడకు గరుకు గార పూస్తారు. దాని మీద మెత్తని గారను, ఆ రోజు వేయగలిగినంత మేరకే, పలచగా పూసి, అది తడిగా ఉండగానే నీళ్లలో కలిపిన రంగులు వేస్తారు. జిగురు అక్కర్లేదు. తడి సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని కాల్షియం కార్బొనేటుగా, అంటే మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. రంగు రేణువులు ఆ రాతి పొరలో చిక్కుకుపోతాయి. పొద్దుపోయాక మిగిలిన గారను అంచు ఏటవాలుగా కోసి తీసేస్తారు. మర్నాటి గార ఆ అంచు మీదికి ఎక్కుతుంది. పక్కనుంచి దీపం పట్టి చూస్తే ఏ భాగం ముందు వేశారో ఆ అతుకులే చెబుతాయి. ముఖాలు ఉన్నచోట ఒక రోజు ముక్క చిన్నది, కొండ, ఆకాశం ఉన్నచోట పెద్దది.

పసుపు, ఎరుపు మట్టి రంగులు ఇనుప ఆక్సైడులు కనుక సున్నపు క్షారాన్ని తట్టుకుంటాయి. నీలానికి వాడిన అజురైటు రాగి ఖనిజం. తడి సున్నంతో దానికి పొత్తు కుదరదు. పైగా దాన్ని మెత్తగా నూరితే రంగు వెలవెలబోతుంది. ముదురు నీలం కావాలంటే రేణువులు బరకగా ఉండాలి, బరక రేణువులను పట్టి ఉంచడానికి జిగురు దండిగా కావాలి. అందుకే గార ఆరాక జంతు జిగురుతోనో గుడ్డు సొనతోనో నీలం అద్దేవారు. అలా వేసిన రంగు గోడలో కలవదు, గోడకు అంటుకుని ఉంటుంది, అంతే. చెమ్మకు జిగురు చివికితే నీలం పొడిగా, పెచ్చులుగా రాలుతుంది. నన్నడిగితే జొత్తోది పొరపాటు కాదు, ఆ ఖనిజంతో అంత ముదురు నీలం రావాలంటే అదొక్కటే దారి.

గోడను శుభ్రం చేసేటప్పుడు కూడా ఈ తేడాయే ఇబ్బంది పెడుతుంది. సున్నంలో కలిసిన రంగు తడిగుడ్డకు చెదరదు, మిగిలిన కాస్త నీలం మాత్రం ఊడి వస్తుంది. కలుషితమైన గాలిలోని గంధకపు వాయువు చెమ్మతో కలిసి కార్బొనేటును జిప్సంగా మారుస్తుంది. జిప్సం ఎక్కువ చోటు ఆక్రమించి, ఉబ్బి, గట్టి రంగును కూడా పైకి లేపుతుంది.

చెమ్మను దూరంగా ఉంచడమే అసలు కాపుదల. అందుకే ఆ ప్రార్థనాలయంలోకి ఒక విడతకు 25 మందినే పంపుతారు. ముందు 15 నిమిషాలు అద్దాల గదిలో కూర్చోబెట్టి, వాళ్లతో వచ్చిన తేమ, దుమ్ము తగ్గాకే లోపలి తలుపు తెరుస్తారు.