ఇద్దరు ర్యాన్ సైడ్‌బాటమ్‌లు: అరుదైన ఇంటిపేరు చుట్టరికానికి ఎంత సాక్ష్యం?

2017 ఇంగ్లండ్ కౌంటీ క్రికెట్ సీజన్‌లో ర్యాన్ సైడ్‌బాటమ్ అనే పేరుతో ఇద్దరు పేసర్లు ఆడారు. యార్క్‌షైర్ ఆటగాడు ర్యాన్ జే ఎడమచేతి వాటం. ఇంగ్లండ్‌కు 22 టెస్టుల్లో 79 వికెట్లు తీశాడు. అతని తండ్రి ఆర్నీ 1985లో ఒక టెస్టు ఆడాడు. వార్విక్‌షైర్ ఆటగాడు ర్యాన్ నాథన్ ఆస్ట్రేలియాలో పుట్టాడు, కుడిచేతి వాటం, ఆర్నీ కొడుకు కాడు. ఆర్నీ, ర్యాన్ జేల విషయంలో నిజం చెప్పిన ఇంటిపేరే ఇక్కడ తప్పుదారి పట్టిస్తుంది. దాన్ని ఎంతవరకు నమ్మాలో లెక్కగట్టవచ్చు.

వెయ్యిమంది ఆటగాళ్ల జాబితా తీసుకుందాం. ఇద్దరిద్దరిని కలిపితే 4,99,500 జతలు వస్తాయి. నూటికి ఒకరికి ఉండే ఇంటిపేరైతే, ఏ జతలోనైనా ఇద్దరికీ అదే ఉండే అవకాశం పదివేలలో ఒకటి. అంటే ఏ చుట్టరికమూ లేకుండానే సుమారు 50 జతలు కనిపిస్తాయి. పదివేలమందిలో ఒకరికే ఉండే ఇంటిపేరైతే ఆ సంఖ్య 0.005కు పడిపోతుంది. ఇలాంటి జాబితాలు 200 తిరగేస్తే గాని యాదృచ్ఛికంగా ఒక్క జత దొరకదు. కాబట్టి ముందే ఆ పేరు అనుకుని వెతికితే, దొరికిన జత బలమైన ఆధారమే.

చాలామంది మాత్రం అలా వెతకరు. జాబితా అంతా చూసి, కలిసిన పేరు దగ్గర ఆగి ఆశ్చర్యపోతారు. అంత అరుదైన ఇంటిపేర్లు 5,000 ఉన్నాయనుకోండి, 0.005ను 5,000తో గుణిస్తే 25 జతలు. ఏదో ఒక అరుదైన పేరు ఎక్కడో కలవడం వింత కాదు, కలవకపోతేనే వింత. ఇంకో చిక్కు: ఇంటిపేర్లు దేశమంతా సమానంగా పరచుకోవు. దేశం మొత్తంలో అరుదైనది ఒక జిల్లాలో వీధికొకటి ఉండొచ్చు. ఒకే కౌంటీ ఆటగాళ్లను పోలుస్తున్నప్పుడు ఆ ప్రాంతపు లెక్కే వాడాలి.

మన పేర్లకైతే మొదటి అడుగులోనే తప్పు దొర్లుతుంది. గణాంకాల పట్టికలు చివరి మాటను ఇంటిపేరుగా తీసుకుంటాయి. సి.కె. నాయుడు, సి.ఎస్. నాయుడు సొంత అన్నదమ్ములు. కానీ వాళ్ల ఇంటిపేరు కొఠారి ఆ ‘సి’లో ఉండిపోయింది, పట్టికకెక్కింది నాయుడు. అంబటి రాయుడిదీ అంతే, రాయుడు అతని సొంత పేరు. లాలా అమర్‌నాథ్ కొడుకులు మొహిందర్, సురీందర్‌ల పేర్ల చివర ఉన్నది తండ్రి సొంత పేరు. అది ఒక్క తరం లోతే. అందుకే లెక్కకు ముందు పూర్తి పేరు, పుట్టిన తేదీ, ఊరు, తల్లిదండ్రుల పేర్లు వేర్వేరు గడుల్లో రాసుకోవాలి. పొడి అక్షరాలతో సరిపెడితే చిక్కే. 1892 కేప్‌టౌన్ టెస్టులో హెర్న్‌లు నలుగురు: ఇంగ్లండ్‌కు అన్నదమ్ములు అలెక్, జార్జ్, వాళ్ల దాయాది జె.టి.; దక్షిణాఫ్రికాకు ఆ అన్నదమ్ముల మరో సోదరుడు ఫ్రాంక్.

కాగితాలు చాలనప్పుడు, మగవారిలోనే ఉండే వై క్రోమోజోమ్ పనికొస్తుంది. ఇంటిపేరులాగే అదీ తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. 2000లో జన్యుశాస్త్రవేత్త బ్రయాన్ సైక్స్ తన ఇంటిపేరే ఉన్న 48 మంది పురుషులను పరీక్షిస్తే, దాదాపు సగంమందిలో ఒకే వై నమూనా కనిపించింది. మిగతావారి విషయంలో దత్తత, పేరు మార్పు, వివాహేతర సంతానం వంటివి ఎప్పుడో గొలుసును తెంపి ఉండొచ్చు. ఈ పరీక్షలో డీఎన్ఏలోని చిన్న ముక్కలు ఎన్నిసార్లు పునరావృతమయ్యాయో చూస్తారు. 12 చోట్ల కలిస్తే సంబరపడకూడదు. పశ్చిమ ఐరోపాలో బంధుత్వం లేనివారికీ అవి కలుస్తాయి. 37 చోట్లో, అంతకన్నా ఎక్కువో పోల్చాలి. అప్పుడైనా తెలిసేది పితృవంశంలో ఉమ్మడి పూర్వీకుడు ఉన్నాడనే. అన్నదమ్ములో, ఎనిమిదో తరం దాయాదులో చెప్పదు.

తల్లి వైపు బంధం ఈ రెండు పద్ధతులకూ అందదు. ఆస్ట్రేలియా క్రికెటర్లైన అన్నదమ్ములు ఇయాన్, గ్రెగ్, ట్రెవర్ చాపెల్‌లకు విక్ రిచర్డ్‌సన్ అమ్మ తండ్రి. ఆయనా, మనవలు ఇయాన్, గ్రెగ్‌లూ ఆస్ట్రేలియాకు కెప్టెన్లుగా చేశారు. చాపెల్ అని ఎంత వెతికినా ఆయన దొరకడు. పట్టికలో తల్లి పుట్టింటిపేరుకూ ఒక గడి ఉండాలి.