నిద్రపోయే ఫోనులో సర్వర్

ఆండ్రాయిడ్ ఫోనులో చిన్న సర్వర్ యాప్, అంటే వేరే పరికరాలు అడిగిన ఫైళ్లను పంపే యాప్, నడిపి చూడండి. తెర వెలుగుతున్నంతసేపు అడిగిన ఫైలు ఇట్టే వస్తుంది. తెర ఆరిన కాసేపటికి అదే ఫైలు కోసం కాచుకు కూర్చోవాలి, ఒక్కోసారి జవాబే రాదు. ఫోను నిద్రపోయింది. అయితే ప్రాసెసర్ నిద్ర వేరు, వైఫై నిద్ర వేరు. ఈ తేడా తెలియక చాలామంది ఒక్క సెట్టింగు మార్చి, ఫలితం కనబడక విసిగిపోతారు.

తెర ఆరాక పని లేకపోతే ఆండ్రాయిడ్ ప్రాసెసర్‌ను నిద్రపుచ్చుతుంది. అలా చేయవద్దని యాప్ కోరడానికి వేక్‌లాక్ ఉంది. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 దానికీ హద్దు పెట్టింది. ఛార్జర్ లేకుండా, కదలకుండా, తెర ఆరిన ఫోను కొంతసేపటికి డోజ్ అనే స్థితికి చేరుతుంది. అప్పుడు వేక్‌లాక్ చెల్లదు, యాప్‌కు నెట్‌వర్క్ అందదు. బ్యాటరీ పొదుపు నుంచి యాప్‌ను మినహాయిస్తే రెండూ తిరిగి దక్కుతాయి. ఛార్జర్‌కు తగిలించి ఉంచితే డోజ్ ఊసే ఉండదు.

అసలు చిక్కు వైఫైలో ఉంది. రౌటర్ సాధారణంగా ప్రతి 102.4 మిల్లీసెకన్లకు బీకన్ అనే సంకేతం పంపుతుంది. పొదుపులో ఉన్న ఫోను వైఫై రేడియో మధ్యలో కునుకు తీసి, బీకన్ వేళకు లేచి తనకేమైనా వచ్చిందా అని చూసుకుంటుంది. అంతవరకూ ప్యాకెట్లను, అంటే ఫోనుకు వచ్చిన డేటా ముక్కలను, రౌటర్ దాచి ఉంచుతుంది. కొన్నిసార్లు రేడియో ఒకటి రెండు బీకన్లను దాటవేస్తుంది కూడా. ప్యాకెట్లు వరుసగా వస్తుంటే అది మేలుకునే ఉంటుంది కాబట్టి, ఈ జాప్యం ఎప్పుడో ఒక అభ్యర్థన వచ్చే సర్వర్‌కే బాగా తగులుతుంది. ప్రాసెసర్‌కు వేసిన వేక్‌లాక్ దీన్ని ఆపలేదు. వైఫైకి వేరే లాక్ ఉన్నా, కొత్త ఆండ్రాయిడ్‌లలో దాని పరిధిని బాగా కుదించారు. వీలైతే యూఎస్‌బీ అడాప్టర్‌తో ఈథర్‌నెట్ కేబుల్ తగిలించడమే మేలని నా అభిప్రాయం. కేబుల్ మీద బీకన్ కోసం ఎదురుచూపు ఉండదు.

మెమరీ చాలనప్పుడు వెనుక నడిచే యాప్‌లను వ్యవస్థ తొలగిస్తుంది. నోటిఫికేషన్ చూపిస్తూ నడిచే ఫోర్‌గ్రౌండ్ సర్వీసుకు ఆ ముప్పు తక్కువ. అందుకే మంచి సర్వర్ యాప్‌లు ఆ నోటిఫికేషన్‌ను వదలవు. విసుగనిపించినా దాన్ని అలాగే ఉండనివ్వండి.

జాప్యం ఎక్కడిదో తేల్చడానికి పక్క కంప్యూటర్ నుంచి ఫోనును పింగ్ చేయండి, అంటే చిన్న సందేశం పంపి జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూడండి. జవాబులు వందల మిల్లీసెకన్లు ఆలస్యమైతే ముందు రేడియోను అనుమానించాలి. పింగ్ చురుగ్గా పలుకుతూ యాప్ మాత్రం మౌనంగా ఉంటే, డోజ్ దాన్ని ఆపి ఉండాలి, లేదా వ్యవస్థ తొలగించి ఉండాలి.