ఆ మందు ఏ నొప్పికి?

మన వాడుకలో ఔషధమూ మందే, మద్యమూ మందే. వ్యసనం మానడానికి చికిత్సకు వచ్చే ఆడవాళ్లతో మాట్లాడితే, చాలామంది విషయంలో ఈ రెండూ ఒకటేనని తెలుస్తుంది.

1985 ప్రాంతంలో అమెరికాలోని శాన్ డియాగోలో విన్సెంట్ ఫెలిట్టి అనే డాక్టరు ఊబకాయం తగ్గించే క్లినిక్ నడిపేవారు. చక్కగా బరువు తగ్గుతున్నవాళ్లే మధ్యలో మానేస్తుంటే, ఎందుకో తెలుసుకుందామని ఒక్కొక్కరినీ పిలిచి మాట్లాడసాగారు. ఒకామెను మొదటి లైంగిక అనుభవం ఏ వయసులో అని అడగబోయి, నోరు జారి, అప్పుడు మీ బరువెంత అని అడిగారు. "నలభై పౌండ్లు" అందామె. అంటే 18 కిలోలు, నాలుగేళ్ల పిల్ల బరువు. ఆ పని చేసింది కన్నతండ్రి.

ఆ గదిలోంచి పుట్టిందే 'ఏస్' అధ్యయనం, అంటే బాల్యంలోని చేదు అనుభవాల మీద చేసిన అధ్యయనం. 1995-97 మధ్య 17 వేలమందికి పైగా పెద్దవాళ్లను, చిన్నప్పుడు దెబ్బలు తిన్నారా, లైంగిక హింసకు గురయ్యారా, అమ్మను కొడుతుంటే చూశారా, ఇంట్లో తాగుబోతులున్నారా అని అడిగారు. ఇలాంటివి నాలుగు, అంతకుమించి అనుభవించినవాళ్లలో తాగుడు, డ్రగ్స్, డిప్రెషన్, ఆత్మహత్యాయత్నం ముప్పు 4 నుంచి 12 రెట్లు ఎక్కువని, మొదటి విడత జవాబుల ఆధారంగా 1998లో ప్రకటించారు. ఇది గుంపు మీద వేసిన లెక్క, ఏ ఒక్కరి జాతకమూ కాదు. బాల్యంలో నలిగిన ఆడపిల్లల్లో ఎంతోమంది ఏ వ్యసనం జోలికీ పోరు.

కానీ రోజూ భయపడుతూ పెరిగిన ఒంటికి ఆ భయం అలవాటైపోతుంది. ముప్పై ఏళ్లొచ్చినా తలుపు చప్పుడుకి గుండె దడ, రాత్రి కన్ను మూతపడదు. ఒక పెగ్గో నిద్రమాత్రో ఆ టెన్షన్‌ని కాసేపట్లో దించేస్తే, మెదడు దాన్ని మర్చిపోతుందా? పైగా ఆడవాళ్ల ఒంట్లో నీటి శాతం తక్కువ కాబట్టి అంతే మద్యానికి రక్తంలో ఆల్కహాల్ ఎక్కువ చేరుతుంది.

చికిత్సలో ఆ ఆసరా తీసేయగానే పాత రాత్రులన్నీ తిరిగొస్తాయి. అప్పుడే తలుపుకి బయట గడియ, సామాను వెతికే మగ అటెండరు, "ఎప్పుడో జరిగినదానికి ఇప్పుడెందుకమ్మా ఏడుపు" అనే గద్దింపు. ఇది వైద్యం కాదు, పాత గాయాన్ని మళ్లీ రేపడం. 2019లో వచ్చిన కేంద్ర సర్వే ప్రకారం మన దేశంలో మద్యం తాగేవాళ్లు మగవాళ్లలో 27.3 శాతం, ఆడవాళ్లలో 1.6 శాతం. తక్కువమందే కదా అని వాళ్లకి విడిగా ఏ ఏర్పాటూ చేయకపోవడం అన్యాయం.

లీసా నజావిట్స్ అనే సైకాలజిస్టు 1990లలో రూపొందించిన 'సీకింగ్ సేఫ్టీ' పద్ధతిలో జరిగిందంతా విప్పి చెప్పమని ఒత్తిడి చేయరు, ముందు ఈ రోజు క్షేమంగా గడవడం నేర్పుతారు. భయం ముంచుకొచ్చినప్పుడు చికిత్సకు వచ్చిన ఆడమనిషి పాదాలు రెండూ నేలకు గట్టిగా ఆనించి, చేతుల మీద చల్లటి నీళ్లు పోసుకుని, ఈ రోజు ఏ వారమో, తానున్న గది ఎక్కడుందో, అందులో నీలం రంగు వస్తువులు ఏవేవున్నాయో పైకి చెప్పుకుంటుంది.